నోటిమాటగా చెప్పిన పనికి మూడు వాక్యాల ఈమెయిల్

పై అధికారి వరండాలో నడుస్తూనో, ఫోనులోనో ఒక పని పురమాయించడం, వారం తర్వాత దాన్ని పూర్తిచేసి చూపిస్తే "నేను అడిగింది ఇది కాదు" అనడం చాలా కార్యాలయాల్లో ఎదురయ్యే ఇబ్బందే. చేసిన పనినే రెండుసార్లు తిరిగి చేయవలసి వచ్చాక నేను ఒక చిన్న అలవాటు చేసుకున్నాను.

మాట ముగిసిన 15 నిమిషాల లోపు, అంటే వివరాలు ఇద్దరికీ గుర్తుండగానే, వారికి మూడు వాక్యాల ఈమెయిల్ పంపుతాను. మొదటి వాక్యంలో నేను చేయబోయే పనిని, రెండో వాక్యంలో దాన్ని ఏ తేదీకి, ఏ రూపంలో అందిస్తానో రాస్తాను. మూడోదే అన్నిటికంటే ముఖ్యం: నాకు స్పష్టంగా అర్థంకాని ఒకే ఒక్క అంశాన్ని, అవునో కాదో చెబితే సరిపోయేలా ప్రశ్నగా అడుగుతాను. "మార్పులేమైనా ఉంటే తెలియజేయగలరు" అని రాస్తే సాధారణంగా ఎవరూ బదులివ్వరు, "పట్టికలో గత నెల లెక్కలు కూడా చేర్చాలా?" అని అడిగితే మాత్రం తీరిక లేనివారు కూడా ఒక్క ముక్కలో చెప్పేస్తారు, పనిలో పనిగా పై రెండు వాక్యాల్లో పొరపాటు ఉంటే అదీ వారి కంట పడుతుంది. "మీరు ఇలా చెప్పారు" అని కాకుండా "నాకు ఇలా అర్థమైంది" అని మొదలుపెట్టడం మంచిది. మొదటిది సాక్ష్యం కూడగడుతున్నట్టు ఉంటుంది.

అయితే ఖర్చుకో, సెలవుకో, ఒప్పందానికో అనుమతి కావలసిన చోట ఈ పద్ధతి చాలదు. అక్కడ జవాబు రాకపోవడాన్ని అంగీకారంగా తీసుకోకూడదు కాబట్టి, రాతపూర్వకమైన ఆమోదం వచ్చేవరకు ఆగవలసిందే.