పెన్సిల్ గీత పడని పేజీలు: హారర్ నవల సినిమా అయితే ఎలా చూడాలి

హన్మకొండలో నాది జిరాక్స్, బైండింగ్ షాపు. మా బాపు పెట్టింది. ఆయన కాలంలో సగం గిరాకీ వారపత్రికల సీరియళ్ళదే. వారం వారం పేజీలు చింపి బీరువాలో దాచుకున్న ఆడవాళ్ళు, సీరియల్ అయిపోగానే కట్ట పట్టుకుని వచ్చేవాళ్ళు. యండమూరి 'తులసిదళం' మా షాపులో ఎన్ని కాలికో (బైండింగ్ గుడ్డ) అట్టలు వేయించుకుందో లెక్క లేదు. దాని కొనసాగింపు 'తులసి' అప్పుడు మళ్ళీ వాళ్ళే. "ఈసారన్న ఆ పాపకు ఏం కాదు గద అన్నా?" అని మా బాపును అడిగేవాళ్ళు, కథ ఆయనే రాస్తున్నట్టు.

ఆ పిచ్చి నాకూ అంటింది. 2017లో అమెరికా రచయిత స్టీఫెన్ కింగ్ హారర్ నవల 'ఇట్' సినిమాగా వస్తోందని తెలిశాక మేం ఆరుగురం ఒక గుంపయ్యాం. నేను, మా మరదలు, రికార్డులు బైండింగ్‌కు తెచ్చే ఇద్దరు యూనివర్సిటీ పిల్లలు, కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే పక్కింటి తమ్ముడు, రిటైరైన ఒక ఇంగ్లీషు సారు. చదివి, చూసి, కొట్లాడుకుని, రెండో భాగం కోసం రెండేళ్ళు కాచుకుని, చేసిన తప్పులన్నిటి నుంచి ఒక పద్ధతి తయారు చేసుకున్నాం. నవలను సినిమా చేసినా సిరీస్ చేసినా ఇదే వాడుతున్నాం.

మొదటి పని పుస్తకాన్ని కోయడం. నిజంగానే. 1986లో వచ్చిన ఆ నవల వెయ్యి పేజీలు దాటుతుంది. డెర్రీ అనే ఊళ్ళో జోకర్ వేషంలో పిల్లల్ని మింగే పిశాచాన్ని కొందరు పిల్లలు ఎదిరించడం, వాళ్ళే పెద్దయ్యాక మళ్ళీ ఎదిరించడం, అదీ కథ. ఆరుగురికీ కలిపి ఉన్నది ఒకటే కాపీ. జిరాక్స్ తీయమన్నారు, నేను తీయలేదు. రాసినవాడి పొట్ట కొట్టి అతని అభిమానిని అనిపించుకోవడం నాకు నచ్చదు. కొన్న కాపీనే భాగాలు చేశాను. కటింగ్ మిషన్‌లో మాత్రం పెట్టకండి, లోపలి మార్జిన్ పక్కన అక్షరాలు పోతాయి. పుస్తకం వీపు మీద హెయిర్ డ్రయర్‌తో రెండు నిమిషాలు వేడి గాలి కొట్టండి. జిగురు మెత్తబడుతుంది. అప్పుడు పుస్తకాన్ని పూర్తిగా తెరిచి, విడదీయాల్సిన చోట సన్నటి కత్తిని పైనుంచి కిందికి ఒకేసారి లాగాలి. ఆగితే పేజీ చిరుగుతుంది. ఒక్కో ముక్కకు వీపున జిగురు రాసి, బరువు పెట్టి రాత్రంతా వదిలేసి, తెల్లారి కాలికో పట్టీ అంటించాలి. పక్క కుట్టు వేస్తే పుస్తకం తెరుచుకోదు.

ఎక్కడ కోయాలన్నది అసలు సంగతి. సమానంగా కోయకూడదు, కథ విరిగే చోట కోయాలి. ఈ నవలకు అయిదు భాగాలున్నాయి. మొదటి నాలుగింటి చివర 'డెర్రీ ఇంటర్‌లూడ్' అని ఒక్కో అధ్యాయం ఉంటుంది. కథ ఆపి ఆ ఊరి పాత పాపాలు చెప్పే పేజీలవి. "ఇవి లేకున్నా కథ నడుస్తది గదక్కా" అని మా మరదలు వాటిని చదవకుండా దాటేసింది. దాటవద్దని మాత్రం చెప్పి పెట్టుకోండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

చదివేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో పెన్సిల్ ఉండాలి. కథ ఏమైందో రాయొద్దు. భయం ఎక్కడ పుట్టిందో అక్కడ మార్జిన్‌లో చిన్న గీత పెట్టండి, చాలు. ఉదాహరణకు మొదటి అధ్యాయంలో జార్జీ అనే చిన్న పిల్లాడు కాగితం పడవకు పూయడానికి మైనం కోసం నేలమాళిగలోకి దిగుతాడు. అక్కడ ఏ దయ్యమూ లేదు. లైటు స్విచ్ కోసం చీకట్లోకి చెయ్యి చాపాలి, ఆ చేతిని ఏదైనా పట్టుకుంటే? అంతే. మా పాత ఇంట్లో ధాన్యం పోసే అర్రలో నల్ల స్విచ్ ఒకటి తలుపు వెనక ఉండేది. దాని కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా నేను కళ్ళు మూసుకునేదాన్ని, చీకట్లో కళ్ళు మూసుకుంటే ఏం లాభమో తెలియదు గానీ. నా గీత అక్కడ పడింది. సారు గీత ఇంకో చోట, అదే గదిలో ఒక డబ్బా మీద తాబేలు బొమ్మను పిల్లాడు అలా చూస్తూ నిలబడే చోట. అప్పుడు నవ్వుకున్నాం. ఆ తాబేలు సంగతి మళ్ళీ వస్తుంది.

సినిమాకి సికింద్రాబాద్ రైలెక్కి వెళ్ళాం. తర్వాత ఇంట్లో ప్రొజెక్టర్ పెట్టుకుని రెండుసార్లు చూశాం. ఇంట్లో చూసేవాళ్ళకు మూడే మాటలు. సౌండు ఎక్కువ పెట్టకండి. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడతాం తప్ప భయపడం, పైగా కింది వాటా వాళ్ళు పైకొస్తారు. సకినాల డబ్బా ఇంటర్వెల్ దాకా మూసే ఉంచండి, నిశ్శబ్దంగా ఉండే సీన్‌లో ఒకరు కరకరలాడిస్తే ఆ సీన్ పోయినట్టే. మూడోది, పిల్లల్ని పడుకోబెట్టాకే మొదలుపెట్టండి. మేం పెట్టుకోలేదు. మా తమ్ముడి కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, తలుపు సందులోంచి వాష్‌బేసిన్ సీన్ చూసేశాడు. నెల రోజులు బాత్‌రూం జాలీ మీద బకెట్ బోర్లించి స్నానం చేశాడు. తప్పు మాదే.

సినిమా అయిపోయాక పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఇది కష్టం, అయినా పాటించండి. తర్వాత నవల చదవనివాళ్ళు ముందు మాట్లాడాలి. చదివినవాళ్ళు ముందు మొదలుపెడితే "పుస్తకంలో ఇట్ల లేదు" అనే మాట తప్ప ఇంకోటి రాదు, కొత్తవాళ్ళు నోరు మూసుకుంటారు. చదివినవాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళకు ఒకే ప్రశ్న: మీరు గీత పెట్టిన భయం సినిమాలో ఎక్కడికి పోయింది? ఉందా, మారిందా, మాయమైందా?

ఈ ప్రశ్న లేకపోతే ఏమవుతుందో చెప్తాను. నవలలో పిల్లల కథ 1957-58లో, వాళ్ళు పెద్దయ్యాక కథ 1984-85లో జరుగుతుంది, రెండూ జడలా అల్లుకుని ఉంటాయి. దర్శకుడు ఆండీ ముషియెట్టి ఆ జడ విప్పి, పిల్లల కథ మాత్రమే తీసి, దాన్ని 1988-89కి జరిపాడు. థియేటర్లో చివర 'ఇట్' అని పడి, దాని కింద 'చాప్టర్ వన్' అని పడేదాకా అది సగమేనని రైల్వే తమ్ముడికి తెలియదు. "ఏందక్కా ఇది, సగమే తీసిండ్రా? సగం టికెట్ పైసలు వాపస్ ఇస్తరా మరి?" తిరుగు రైల్లో ఘట్‌కేసర్ దాకా అదే గొడవ. సారుకు ఇంకో కోపం. 1990లో టీవీకి రెండు భాగాలుగా తీసినప్పుడు జోకర్‌గా టిమ్ కర్రీ వేశాడు, ఆయన ముందు ఈ బిల్ స్కార్స్‌గార్డ్ ఎంత అని. 1990 నుంచి 2017కి సరిగ్గా 27 ఏళ్ళు, కథలో ఆ పిశాచం నిద్రలేచేది కూడా దాదాపు అన్నేళ్ళకే అని యూనివర్సిటీ పిల్లాడు లెక్క చెప్పాక సారు కొంచెం చల్లబడ్డాడు. నా గొడవ మైక్ గురించి. నవలలో ఊరి చరిత్ర తవ్వి రాసేది ఆ పిల్లల్లో ఒకడైన మైక్. సినిమాలో ఆ పని బెన్ అనే ఇంకో పిల్లాడికి ఇచ్చేశారు. మైక్ చేతిలోంచి పుస్తకం లాక్కున్నట్టు అనిపించింది. బైండింగ్ చేసేదాన్ని కదా, నాకు అది పెద్ద విషయమే.

ఇక రెండో భాగం మీద ఆశలు. వీటిని నోటితో చెప్పుకోకండి, కాగితం మీద రాసి, తేదీ వేసి, కవర్‌లో పెట్టి అంటించండి. ట్రైలర్ రాకముందే రాయాలి. వచ్చాక రాస్తే అందరూ "నేను ముందే అన్నాను" అంటారు. రాసే ముందు మన ముక్కల పుస్తకం మళ్ళీ తిరగేసి, సినిమాలో వాడిన పేజీలకు పెన్సిల్‌తో నిలువు గీత కొట్టండి. గీత పడని పేజీల్లోంచే ఆశ రాయాలి. అదొక్కటే నియమం.

నటుల మీద ఆశలు ఒకటి రెండు చాలు. అప్పట్లో సినిమాలోని పిల్లల్నే అడిగారు, పెద్దయ్యాక మీ పాత్ర ఎవరు వేయాలని. బెవర్లీ వేసిన సోఫియా లిల్లిస్, జెస్సికా చాస్టెయిన్ పేరు చెప్పింది. రిచీ వేసిన ఫిన్ వుల్ఫ్‌హార్డ్, బిల్ హేడర్ అన్నాడు. 2019లో వచ్చిన రెండో భాగంలో వాళ్ళే వేశారు. చాస్టెయిన్ పేరు మా కవర్లలో మూడింటిలో ఉంది. అది జోస్యం కాదు లెండి, 2013లో ఆమె ముషియెట్టి 'మామా'లో చేసింది.

కథ మీద ఆశల్లో సారు కాగితం మీద ఒకే మాట: తాబేలు. నవలలో ఆ పిశాచానికి ఎదురుగా ఉండే ప్రాచీన శక్తి తాబేలే. మొదటి సినిమాలో లెగో బొమ్మగా మాత్రం కనిపించింది. రెండోదాంట్లో విశ్వమంత తాబేలు వస్తుందని ఆయన ఆశ. రాలేదు. నవలలో 'ఛూడ్' అనే క్రతువు మనసుతో మనసు చేసే యుద్ధం; సినిమాలో వస్తువులు తెచ్చి కుండలో కాల్చే తంతు అయింది. సారు ఆ రోజు అన్నం తినలేదు. మా మరదలికి మాత్రం 2 గంటల 49 నిమిషాలు కూర్చోవడమే పెద్ద భయం. నాకు అందులో బాగా నచ్చింది కింగే వచ్చి పాత సామాన్ల కొట్టు యజమానిగా కూర్చుని, రచయిత పాత్రతో నీ నవల ముగింపు నచ్చలేదని చెప్పే సీన్. పాఠకులు తనని అనే మాటే కదా.

మొదటిది ప్రపంచమంతా కలిపి దాదాపు 70 కోట్ల డాలర్లు, రెండోది 47 కోట్ల దాకా చేసింది. అక్కడితో అయిపోయిందనుకుని కవర్లు చింపబోతే యూనివర్సిటీ పిల్ల ఆపింది. మా మరదలు దాటేసిన ఇంటర్‌లూడ్‌లు ఉన్నాయి కదా, వాటి మీద ఒక్క నిలువు గీత కూడా సరిగ్గా లేదు. 2025 అక్టోబర్‌లో 'వెల్‌కమ్ టు డెర్రీ' సిరీస్ మొదలైంది, అది నిలబడింది ఆ పేజీల మీదే. 1962లో పెట్టి, బ్లాక్ స్పాట్ అనే క్లబ్బును తగలబెట్టిన కథ చెప్పారు. తర్వాత 1935కి, ఆ తర్వాత 1908కి వెనక్కి నడవాలని తీసినవాళ్ళ ఆలోచన.

అందుకే ఇప్పుడు కొత్త కవర్లు. ఈసారి ఒక ఆట కూడా కలిపాం, మీరూ ఆడి చూడండి: ఆ పిశాచం మన ఊళ్ళో అయితే ఎక్కడ ఉంటుంది? ఒకరు ఖిల్లా అన్నారు, ఒకరు భద్రకాళి చెరువు కట్ట. రైల్వే తమ్ముడు ఆలోచించకుండా "నయీంనగర్ నాలా" అన్నాడు. 2020 ఆగస్టు వానల్లో ఆ నీళ్ళు ఇళ్ళలోకి వచ్చిన రాత్రి చూసినవాళ్ళెవరూ నవ్వలేదు. వానలో పడవ, తూములోంచి గొంతు, ఆ మొదటి అధ్యాయాన్ని ఆ తర్వాత మళ్ళీ చదివితే నా గీత ఇంకో చోట పడింది.

1935 కోసం నా ఆశ రాసేశాను. బ్రాడ్లీ ముఠాను ఊరి జనమే నడివీధిలో కాల్చి చంపే కథ మూడో ఇంటర్‌లూడ్‌లో ఉంది. తుపాకులు పట్టుకున్న జనంలో జోకరూ ఉంటాడు, ఎండలో నిలబడినా వాడికి నీడ ఉండదు. ఆ నీడ లేకపోవడాన్ని ఎవరూ వేలు పెట్టి చూపించకుండా, అరుపు లేకుండా, దానంతట అదే మన కంటికి తగిలేలా తీయాలి. ఇంతే రాసి అంటించాను. ఆ మూడో ముక్క ప్రస్తుతం మా మరదలి దగ్గరే ఉంది. ఈసారి దాటేయకుండా చదువుతోందట, రెండు వారాలైంది, ఇంకా ఇవ్వలేదు. వెనక ముగ్గురం కాచుకుని ఉన్నాం.