వెలుతురుతో పురుగుల వేట – 3వ పాఠం: తొలకరి తర్వాతి రాత్రులు

అతినీల కాంతి, నీలి వెలుతురు ఎక్కువగా ఉండే బల్బులకు రాత్రి పురుగులు ఎగబడతాయని, పసుపు బల్బుకు అంతగా రావని కిందటి పాఠంలో చూశాం. ఈసారి దీపాన్ని చేలోకి తీసుకెళ్దాం. పంట వేరుశనగ, పురుగు ఎర్ర గొంగళి పురుగు, చోటు అనంతపురం వైపు ఎర్ర నేలలు.

దీపపు ఎర అనగానే పంటకాలం పొడుగునా వెలిగించాలనుకుంటారు. ఈ పురుగు విషయంలో అది దండగ. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇది ప్యూపాగా, అంటే గొంగళి రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశలో, గట్ల వెంబడి, చెట్ల కింద మట్టిలో పడి ఉంటుంది. తొలకరి గట్టిగా కురిసి తడి లోపలికి దిగిందంటే, ఒకటి రెండు రోజుల్లో రెక్కల పురుగులు మూకుమ్మడిగా పైకొస్తాయి. ఆడపురుగు ఆకుల అడుగున వందల్లో గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చిన పిల్లలు పెరిగి ఒళ్లంతా వెంట్రుకలు కమ్మాక మందులకు ఒక పట్టాన లొంగవు. ఒక చేను మేసేసి పక్క చేలోకి నడిచిపోతాయి. అందుకే మన అదను గుడ్లు పెట్టకముందే. వాన పడిన రోజు సాయంత్రానికే ఎర సిద్ధంగా ఉండాలి.

మూడు కర్రలు ముక్కాలి పీటలా కట్టి, పైరుకు రెండు మూడడుగుల ఎత్తున బల్బు వేలాడదీయండి. కింద వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి కాస్త కిరోసిన్ కలపండి. బల్బు చుట్టూ రెండు రేకు ముక్కలు నిలబెడితే పురుగులు వాటికి కొట్టుకుని నీళ్లలో పడతాయి. తడి చేలో కరెంటు వైరు లాగొద్దు, సోలార్ దీపమో బ్యాటరీ దీపమో వాడండి. అవేవీ లేకపోతే గట్టు మీద చెత్త పోగేసి మంట వేసినా పనవుతుంది, గడ్డివాములకు దూరంగా.

చీకటి పడగానే వెలిగించి పది, పదకొండుకల్లా ఆర్పేయండి. తెల్లవార్లూ ఉంచితే మనకు మేలు చేసే పురుగులు కూడా అందులోనే చస్తాయి.

ఒక్కరే దీపం పెడితే చుట్టుపక్కల పురుగులన్నీ మీ చేలోకే వస్తాయి. అందులో కొన్ని బేసిన్‌లో పడకుండా దగ్గరి మొక్కల మీద వాలి గుడ్లు పెడతాయి. నన్నడిగితే ఈ పని ఊరంతా ఒకే రాత్రి చేయాల్సిందే. కనీసం పక్క చేల వాళ్లనైనా ఒప్పించండి.

ఇక మీ పని. పొద్దున్నే బేసిన్ చూడండి. ముందు రెక్కలు గోధుమ రంగులో, అంచున పసుపు చారతో, వెనక రెక్కలు తెల్లగా నల్ల మచ్చలతో ఉంటే అదే మన పురుగు. వాటిని లెక్కపెట్టి, వాన పడిన తేదీతో పాటు నోటుబుక్కులో రాయండి. తర్వాత దీపం చుట్టూ ఉన్న మొక్కల ఆకులు తిప్పి చూడండి. గుడ్ల ముద్ద ఉన్న ఆకును కోసి కిరోసిన్ నీళ్లలో వేయండి. పచ్చదనమంతా గీకేసి తెల్లగా పొరలా మిగిలిన ఆకు కనబడితే, అప్పటికే పిల్లలు బయటికొచ్చాయి. ఇంకా గుంపుగా ఉండగానే ఏరేయండి. పున్నమి రోజుల్లో దీపానికి పురుగులు తక్కువగా పడతాయి కాబట్టి ఆ రాత్రుల తర్వాత ఆకుల్ని మరింత శ్రద్ధగా వెతకాలి.

ఆ నోటుబుక్కు దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠం వరిలో కాండం తొలిచే పురుగు గురించి. అక్కడ చంపడం కన్నా, రోజూ ఎన్ని పడుతున్నాయో చూసి మందు ఎప్పుడు కొట్టాలో తేల్చుకోవడానికే దీపం పెడతాం.