వాకింగ్ నుంచి వచ్చిన కుక్కను ఎలా చల్లబరచాలి? విశాఖ ఉక్కపోతకు సరిపడే పద్ధతి

వాకింగ్ నుంచి రాగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. బెల్టు తీసేసి, ఫ్యాన్ వేసి, గిన్నె నిండా నీళ్లు పెట్టి ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు, కుక్క మాత్రం హాల్లో బోర్లా పడుకుని చాలాసేపు రొప్పుతూనే ఉంటుంది. విశాఖలో, ముఖ్యంగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఇది సరిపోదు.

ఎందుకంటే, మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, గాలి తగిలి ఆ చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకు చెమట పట్టేది దాదాపుగా పాదాల కింది మెత్తల్లోనే, దాంతో ఒరిగేది చాలా తక్కువ. ఒంట్లో వేడిని అది ఎక్కువగా రొప్పుతూనే బయటికి పంపాలి. నాలుక మీద, నోట్లో, ముక్కు లోపల ఉన్న తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ తడి త్వరగా ఆవిరవదు. ఉక్కపోత రోజున మట్టికుండలో నీళ్లు సరిగా చల్లబడకపోవడం మీరు చూసే ఉంటారు, కారణం అదే. కాబట్టి ఫోన్‌లో 33 డిగ్రీలే చూపిస్తోంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఇంకో సంగతి కూడా దీంట్లోంచే వస్తుంది: పొడి ఒంటి మీద ఫ్యాన్ గాలి కుక్కకు పెద్దగా పనిచేయదు, తడి ఒంటి మీదే పనిచేస్తుంది.

1. ఇంటికి చేరకముందే మొదలుపెట్టండి

చివరి పది నిమిషాలు నడక తగ్గించేయండి. ఆర్కే బీచ్ నుంచి సిరిపురం వైపో చినవాల్తేరు వైపో వెళ్లేవాళ్లకు తిరుగు దారంతా ఎక్కుడే, అంటే కుక్క బాగా అలిసిపోయాకే అసలు కష్టం మొదలవుతుంది. మధ్యలో ఎక్కడైనా నీడ చూసుకుని ఆగండి, బెల్టు వదులుగా పట్టుకుని దాన్ని తీరిగ్గా వాసనలు చూసుకోనివ్వండి. వాసన చూసే పనిలో పడితే కుక్క దానంతట అదే నెమ్మదిస్తుంది. బీచ్‌కి తీసుకెళ్తే సీసాతో మంచినీళ్లు కచ్చితంగా పట్టుకెళ్లండి, దాహానికి సముద్రపు నీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

2. నీళ్లు కొంచెం కొంచెంగా

మామూలు చల్లటి నీళ్లు చాలు. నాలుగు గుక్కలు తాగనిచ్చి, కాసేపాగి మళ్లీ పెట్టండి. ఒక్కసారే గిన్నెడు తాగేస్తే చాలా కుక్కలు కక్కేస్తాయి. తాగనంటే బలవంతం చేయొద్దు, నోట్లో పోయనే పోయొద్దు.

3. కాళ్లు, పొట్ట తడపండి

అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. మేడ మీద ట్యాంకు నీళ్లు వేసవి సాయంత్రాల్లో సలసల కాగుతున్నట్టు వస్తాయి, పైపు తిప్పి నేరుగా కుక్క మీద పోసేయకండి, ముందు మీ చెయ్యి పెట్టి చూడండి. పొద్దున్నే ఒక బకెట్ నింపి నీడలో ఉంచుకుంటే ఈ బాధే ఉండదు. పాదాలు, వేళ్ల సందులు కడగండి, ఉప్పు, ఇసుక కూడా పోతాయి. తర్వాత పొట్ట, చంకలు, గజ్జలు తడిపి అప్పుడు ఫ్యాన్ వేయండి. హస్కీ, జర్మన్ షెపర్డ్ లాంటి దట్టమైన బొచ్చు కుక్కలకు పైపైన చల్లితే లాభం లేదు, వేళ్లతో బొచ్చు పాయలు తీసి చర్మం దాకా తడి అందేలా చూడాలి. వేసవి కదా అని వాటికి గుండు చేయించకండి, ఆ బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది.

తడి తువ్వాలు చుట్టి వదిలేయడం మంచిది కాదు, కాసేపటికి అదే వేడెక్కి ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

4. పడుకోనివ్వండి

టైల్స్ మీదో గచ్చు మీదో వెనక కాళ్లు చాపుకుని పొట్ట ఆనించి పడుకుంటుంది చూడండి, దాన్ని లేపి పరుపు మీదికి తేవొద్దు. ఏసీ ఉంటే వేయండి, అది గాలిలో తేమ కూడా తగ్గిస్తుంది. పిల్లలు ముద్దు చేయడం ఆటలాడించడం కాసేపు ఆపాలి.

కొన్ని కుక్కలు ఒళ్లు చల్లబడ్డా కుదురుగా ఉండవు, ఇల్లంతా గిరగిరా తిరుగుతాయి. అలాంటప్పుడు పళ్లెం మీద చక్కెర లేని పెరుగు ఒక చెంచాడు పల్చగా పూసి, ముందే ఫ్రీజర్లో పెట్టి ఉంచింది ఇవ్వండి. నాకడం, నమలడం కుక్కను శాంతపరుస్తాయి. అన్నం మాత్రం ఊపిరి పూర్తిగా నెమ్మదించాక, కనీసం అరగంట ఆగి పెట్టండి, గ్రేట్ డేన్, డాబర్‌మ్యాన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద జాతులకు ఇంకాస్త ఆగినా నష్టం లేదు. పడుకుని ఉన్నప్పుడే చెవుల్లో, వేళ్ల మధ్య గోమార్లు ఉన్నాయేమో చూసేయండి.

చల్లబడిందో లేదో తెలుసుకోవాలంటే, నిద్రలోకి జారాక ఛాతీ నిమిషానికి ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి, 30 లోపు ఉండాలి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్, మనకంటే కొంచెం ఎక్కువ. చేత్తో తాకి వెచ్చగా ఉందని కంగారుపడక్కర్లేదు.

5. ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

రొప్పడం తగ్గే బదులు పెరగడం, చిగుళ్లు ముదురు ఎరుపుగానో పాలిపోయో ఉండటం, చిక్కటి చొంగ, వాంతులు, తూలడం, పిలిస్తే పలక్కపోవడం. ఇవి వడదెబ్బ లక్షణాలు, ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికొస్తుంది. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి పొట్టి ముక్కు కుక్కల్లో, ముసలివాటిలో, లావుగా ఉన్నవాటిలో ఇది మరీ త్వరగా వస్తుంది. ఐస్ కోసం వెతుక్కుంటూ కూర్చోకండి, చేతికందిన చల్లటి నీళ్లు తల తప్ప ఒళ్లంతా ఆపకుండా పోయండి, పక్కన ఇంకొకరు వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఆ తర్వాత కారులో ఏసీ పెట్టుకుని, తడి ఒంటితోనే తీసుకెళ్లండి. దారిలో లేచి తోక ఊపినా వెనక్కి తిరగొద్దు, కిడ్నీల్లాంటి వాటికి జరిగిన దెబ్బ ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు, కాబట్టి డాక్టర్ చూడాల్సిందే.