వేసవి కోసం పాత అమెరికన్ కన్వర్టిబుల్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మిషిగన్‌లో కారు టాప్ తెరిచి హాయిగా తిరగడానికి వీలయ్యే కాలం మే నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా ఉండే నాలుగు నెలలే కాబట్టి, దాని కోసం అప్పు చేసి కొత్త కారు కొనడం చాలా కుటుంబాలకు సమంజసంగా అనిపించదు. ఆఫీసుకు వెళ్ళే కారు ఇంట్లో ఎలాగూ ఉంటుంది. వారాంతాల్లో సరస్సుల వెంట తిరగడానికి తక్కువ ధరలో పాత కన్వర్టిబుల్ (పైకప్పు, అంటే టాప్, మడిచిపెట్టుకునే కారు) కోసం వెతికేవారికి తరచుగా ఎదురయ్యేవి 1996 నుంచి 2006 దాకా వచ్చిన క్రైస్లర్ సెబ్రింగ్, 1994 నుంచి 2004 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, ట్రాయ్, కాంటన్‌ల వైపు ఉండే మన తెలుగువారిలో కార్ల పరిశ్రమలో పనిచేసేవారు తక్కువేమీ కాదు. అయినా కొనే రోజున టాప్ మడత పడే తీరు చూసి మురిసిపోయి, కారు కింద వంగి చూడకుండానే డబ్బు ఇచ్చి వచ్చినవారిని నేను ఎరుగుదును. మొదటిసారి నేనూ అదే చేశాను.

కింద చెప్పే ప్రతి లక్షణం దగ్గరా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది డబ్బు పెడితే తీరే సమస్యా, లేక ఎంత డబ్బు పెట్టినా తీరని సమస్యా? టాప్ బట్ట, టాప్‌ను లేపే పంపు, బ్యాటరీ మొదటి కోవకు చెందుతాయి. అడుగుభాగపు తుప్పు, కాగితాల్లోని లోపం రెండో కోవకు చెందుతాయి.

కార్పెట్టు తడిగా ఉంది, లోపల బూజు వాసన వస్తోంది

అమ్మేవారు దీనికి సాధారణంగా చెప్పే సమాధానం, మొన్నటి వానకు టాప్ వేయడం మరిచిపోయామని. అది నిజం కావచ్చు గాని, ఒకసారి తడిసిన కార్పెట్టు ఎండలో రెండు రోజులు ఉంటే ఆరిపోతుంది. బూజు వాసన పట్టిందంటే నీళ్ళు చాలాకాలంగా చేరుతున్నాయని అర్థం.

కారణాలు ప్రధానంగా మూడు. మొదటిది, తలుపు అద్దాల చుట్టూ, ముందు అద్దం పైఅంచు వెంట ఉండే రబ్బరు పట్టీలు ఎండి గట్టిపడి టాప్‌కు సరిగా ఆనకపోవడం. రెండోది, ముందు అద్దం అడుగున వాన నీరు పోయే తొట్టిలో ఆకులు పేరుకుని, నీరు డాష్‌బోర్డు కింది నుంచి ప్రయాణికుడి కాళ్ళ దగ్గరకు దిగడం. మూడోది అందరూ మరిచిపోయేది: మడిచిన టాప్ కూర్చునే గుంతలోకి చేరే నీరు బయటికి పోవడానికి రెండు పక్కలా గొట్టాలుంటాయి, వాటిలో ఆకులు, బట్ట పోగులు, మట్టి అడ్డుపడితే నీరు వెనక్కి పొంగి వెనుక సీటు కిందికి వస్తుంది.

ఏది కారణమో తెలుసుకోవడానికి టాప్ మూసి, ఒకరు లోపల టార్చితో కూర్చుని, మరొకరు బయట నుంచి తోట గొట్టంతో నీళ్ళు సన్నగా పోయాలి. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చోటా కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వెళితే చుక్క ఎక్కడ మొదలవుతోందో కనిపిస్తుంది. ఒకేసారి అంతా తడిపితే ఏమీ తేలదు. గొట్టాలు మూసుకుపోయి ఉంటే మెత్తని నైలాన్ తీగతో నెమ్మదిగా శుభ్రం చేయాలి. గట్టి ఇనుప తీగ వాడినా, ఎక్కువ ఒత్తిడితో గాలి కొట్టినా గొట్టం లోపలి జోడింపు ఊడిపోయే ప్రమాదం ఉంది, అప్పుడు నీరు నేరుగా బాడీ లోపలికే పోతుంది. రబ్బరు పట్టీలు పగలకుండా గట్టిపడి మాత్రమే ఉంటే సిలికాన్ గ్రీజు రాసి కొంతకాలం నడపవచ్చు, పగిలితే మార్చాలి.

నీరు ఆపడంతో పని అయిపోదు. కార్పెట్టు కింద మందపాటి మెత్త ఉంటుంది. పైన పొడిగా ఉన్నా అది నెలల తరబడి నీటిని పట్టి ఉంచి కింది రేకును తినేస్తుంది. అందుకే సీట్లు విప్పి, కార్పెట్టు ఎత్తి, మెత్తను పూర్తిగా ఆరబెట్టాలి లేదా మార్చాలి. ఇది ఒక శనివారం, ఆదివారం పట్టే పని, ఖర్చు తక్కువ. నేను మొదట కొన్న కారులో ఈ పని వాయిదా వేస్తూ వచ్చాను. వేసవి చివర కార్పెట్టు ఎత్తితే డ్రైవరు మడమ కింద రేకుకు బదులు రోడ్డు కనిపించింది.

తలుపు కొద్దిగా పైకి ఎత్తి వేస్తేగాని పడటం లేదు

ఈ లక్షణానికి రెండు కారణాలున్నాయి. ఒకటి చిన్న ఖర్చుతో పోయేది, మరొకటి కారును వదులుకోవలసినది. రెండు తలుపుల కార్లలో తలుపు పొడవుగా, బరువుగా ఉంటుంది గనుక కీళ్ళలోని బుషింగులు (కీలు కడ్డీ చుట్టూ ఉండే చిన్న తొడుగులు) అరిగిపోతాయి. తలుపు సగం తెరిచి, చివర రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడాలి. కీలు దగ్గర టకటకమని ఆడితే అరిగింది బుషింగులే, వాటిని మార్చితే తలుపు మళ్ళీ సరిగా పడుతుంది.

కీలు బిగువుగా ఉండి కూడా తలుపు పడకపోతే, తలుపుకూ వెనుక ప్యానెల్‌కూ మధ్య ఉన్న సందును పైనుంచి కిందిదాకా గమనించాలి. కింద ఒక వెడల్పు, పైన మరొక వెడల్పు ఉంటే, గతంలో ప్రమాదం జరిగి ఉండాలి, లేకపోతే కారు నడుమ వంగుతూ ఉండాలి. మామూలు కారుకు పైకప్పే సగం బలం. అది లేని కన్వర్టిబుల్ బరువంతా తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా సాగే పెట్టెలాంటి రేకు దూలాల మీద, అడుగున వేసిన అదనపు బద్దీల మీద ఆధారపడుతుంది. ఆ దూలాన్నే రాకర్ ప్యానెల్ అంటారు. డెట్రాయిట్ నగరం కిందే పెద్ద ఉప్పు గని ఉంది, ఆ ఉప్పును చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లుతారు. ఆ ఉప్పు నీరు బయటినుంచి, నేను పైన చెప్పిన వాన నీరు లోపలినుంచి, రెండూ కలిసి తినేది ఈ దూలాన్నే.

పరీక్ష కష్టం కాదు. కారును ర్యాంపు మీదికి ఎక్కించి, రాకర్ అడుగునా, జాకీ పెట్టే చోటా, వెనుక చక్రం ముందు భాగంలోనూ స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, కుళ్ళింది డొల్లగా మోగుతుంది లేదా పొడి రాలుతుంది. కొత్తగా పూసిన నల్లని తారులాంటి పూత మెరుస్తూ కనిపిస్తే మరింత అనుమానించాలి. ఆ తర్వాత ఒక మూల జాకీతో కొద్దిగా ఎత్తి ఆ వైపు తలుపు తెరిచి మూసి చూడండి. సందు మారినా, తలుపు పట్టేసినా బాడీ వంగుతోందన్నమాట. మిషిగన్‌లో కార్లకు ఏటా జరిపే తప్పనిసరి తనిఖీ లేదు కాబట్టి, మీ కంటే ముందు ఈ అడుగుభాగాన్ని ఎవరూ చూసి ఉండకపోవచ్చు.

రాకర్ కుళ్ళిన కన్వర్టిబుల్‌ను సరిచేయాలంటే బాడీ వంగకుండా లోపల ఆధారాలు బిగించి, పాత రేకు కోసి, కొత్తది వెల్డింగు చేయాలి. దానికయ్యే ఖర్చు కారు ధరను దాటిపోతుంది. ఇక్కడ బేరమాడవద్దు, నమస్కారం చెప్పి వచ్చేయండి.

బటన్ నొక్కితే టాప్ కదలడం లేదు

ముందు చెవి పెట్టి వినాలి. ఏ శబ్దమూ లేకపోతే సమస్య కరెంటులో ఉంది: ఫ్యూజు, రిలే, బటన్, లేదా బ్యాటరీ. టాప్ మోటారు చాలా కరెంటు తాగుతుంది, అందుకే ఇంజిన్ నడుస్తుండగానే ప్రయత్నించాలి. 2001 తర్వాతి సెబ్రింగ్‌లో బ్యాటరీ ఎడమ ముందు చక్రం దగ్గర ఫెండరు లోపల దాగి ఉంటుంది. అందుకోవడం కష్టం కాబట్టి చాలామంది దాన్ని ఏళ్ళ తరబడి ముట్టుకోరు. టాప్ నీరసంగా కదిలే సెబ్రింగ్‌కు కొత్త బ్యాటరీయే మందు అయిన సందర్భాలు ఉన్నాయి.

మోటారు తిరిగే శబ్దం వస్తున్నా టాప్ లేవకపోతే, లేదా సగంలో ఆగిపోతే, టాప్‌ను పైకి నెట్టే హైడ్రాలిక్ ద్రవం తగ్గినట్టే. అది దానంతట అది తగ్గదు, ఎక్కడో కారుతుంది. వెనుక సీటు పక్క ప్యానెళ్ళ లోపల, డిక్కీ మూలల్లో ఎర్రటి జిడ్డు మరకల కోసం చూడండి. టాప్‌ను లేపే సిలిండరు మార్చడం ఓపికున్నవారు ఇంటి దగ్గరే చేసుకోగల పని. ద్రవం మాత్రం కారు మాన్యువల్‌లో చెప్పినదే పోయాలి. ఒక వైపు ముందు, మరో వైపు వెనుకగా టాప్ మెలికపడుతూ లేస్తుంటే వెంటనే బటన్ వదిలేయాలి, బలవంతం చేస్తే చట్రం వంగుతుంది, అది చౌకగా పోయేది కాదు.

వెనుక అద్దం బట్ట నుంచి ఊడుతోంది

అద్దాన్ని బట్టకు అంటించిన జిగురు ఎండకు పట్టు వదిలేస్తుంది. జిగురుతో మళ్ళీ అంటించడం చాలావరకు తాత్కాలికమే. ఆ భాగాన్ని గాని, టాప్ మొత్తాన్ని గాని మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి. ప్లాస్టిక్ కిటికీ ఉన్న కార్లలోనైతే చలిలో టాప్ మడవకూడదు, పగులుతుంది.

కూలెంట్ తగ్గుతోంది, కాని కింద చుక్క కూడా కనిపించడం లేదు

కూలెంట్ అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. ఇక్కడ ఏ ఇంజినో తెలియకుండా మాట్లాడలేం. 2001 నుంచి 2006 దాకా వచ్చిన సెబ్రింగ్‌లో తరచుగా కనిపించే 2.7 లీటర్ల వీ6 ఇంజిన్‌లో నీటి పంపును టైమింగ్ చైను తిప్పుతుంది, అంటే పంపు ఇంజిన్ లోపలే ఉంటుంది. దాని గ్యాస్కెట్ (కారకుండా అడ్డే పట్టీ) పోతే కూలెంట్ నేరుగా ఆయిల్‌లో కలుస్తుంది. పైగా ఆయిల్ సకాలంలో మార్చకపోతే లోపల నల్లటి మడ్డి పేరుకునే గుణం ఈ ఇంజిన్‌కు ఉంది. ఆయిల్ పోసే మూత తీసి టార్చి వేసి చూడండి. తారులాంటి మడ్డి, పాలమీగడ రంగు నురగ, చల్లని ఇంజిన్ స్టార్టు చేయగానే గొలుసు గలగల, వీటిలో ఏది కనిపించినా కొనవద్దు. పంపు, చైను మార్చే కూలికే కారు ధర సరిపోతుంది. ఆయిల్ మార్చిన రసీదులన్నీ దాచిన యజమాని దొరికితేనే ఈ ఇంజిన్ గురించి ఆలోచించాలి. అదే కారులో వచ్చిన 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఊపు తక్కువైనా, టైమింగ్ బెల్టు సమయానికి మారిస్తే నెమ్మదస్తురాలు. వారాంతపు షికారుకు నేను దాన్నే ఎంచుకుంటాను.

మస్టాంగ్‌లో 1990ల మధ్యకాలపు 3.8 లీటర్ల వీ6కు హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే పట్టీ) పోయే పేరుంది. తెల్లపొగ, తియ్యని వాసన దాని గుర్తులు. రేడియేటర్ మూత దగ్గర పెట్టే నీలి ద్రవపు పరీక్షలో రంగు పసుపుకు మారితే మండిన వాయువులు కూలెంట్‌లోకి చేరుతున్నట్టే. 1990ల చివరి నుంచి 2001 దాకా వచ్చిన 4.6 లీటర్ల వీ8 కార్లలో ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డు (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టాల కూర్పు) ముందు భాగంలో, కూలెంట్ పోయే చోట, చీలేది. ముందు భాగం అల్యూమినియంతో చేసిన కొత్త మానిఫోల్డు వేస్తే ఆ సమస్య తీరుతుంది, అది వేశారా లేదా అన్నది బానెట్ ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.

గేరు రెండో దాంట్లోనే ఉండిపోతోంది

సెబ్రింగ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు తనలో లోపం పసిగట్టగానే తనను తాను కాపాడుకోవడానికి రెండో గేరులో ఆగిపోతుంది. అలా ఆగిందని గేర్‌బాక్సే పోయిందనుకోవలసిన పని లేదు. స్పీడు సెన్సరు గాని, సొలినాయిడ్ ప్యాకు (గేర్లు మార్చే కరెంటు కవాటాల పెట్టె) గాని కారణమైతే బాగుచేయడం భారమేమీ కాదు. ముందు కారు కంప్యూటరు నమోదు చేసిన లోపాల కోడ్లు చదివించాలి. గేర్‌బాక్సులోని ద్రవం తప్పనిసరిగా ఏటీఎఫ్+4 అనే రకం అయి ఉండాలి. దానికి బదులు వేరొకటి పోసిన గేర్‌బాక్సు వణకడం మొదలుపెడుతుంది.

చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు

వెలగకపోవడం మంచిదే, అయితే తాళం తిప్పి ఇంజిన్ స్టార్టు చేయకముందు ఆ లైటు ఒకసారి వెలగాలి. అప్పుడూ వెలగకపోతే బల్బు పోయి ఉండాలి లేదా ఎవరో తీసేసి ఉండాలి. 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే పసిగట్టి నమోదు చేసే వ్యవస్థ) తప్పనిసరి కాబట్టి, చిన్న స్కానరు పెట్టి రెడీనెస్ మానిటర్లు (ఆ స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి) చూడండి. చాలావరకు అసంపూర్ణంగా ఉంటే కోడ్లు ఇటీవలే చెరిపేశారు లేదా బ్యాటరీ తీసి పెట్టారు. నాలుగైదు రోజులు నడిపాక మళ్ళీ చూస్తానని చెప్పండి; దాచడానికి ఏమీ లేనివారు ఒప్పుకుంటారు.

మైళ్ళు మరీ తక్కువ, ధర మరీ తక్కువ

2010 మోడల్, అంతకుముందు కార్లకు అమ్మేటప్పుడు ఓడోమీటరు అంకెను ధ్రువీకరించాలన్న ఫెడరల్ నిబంధన ఇప్పుడు వర్తించదు. కాబట్టి టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద ఆ గడిలో మినహాయింపు అని ఉంటే ఆ అంకెకు హామీ లేనట్టే. పెడల్ రబ్బర్ల అరుగుదలను, పాత సర్వీసు రసీదులను నమ్మండి. దక్షిణాది నుంచి వచ్చిన కారుకు తుప్పు ఉండదన్న మాట చాలావరకు నిజమే గాని, తుపానులో మునిగిన కారూ అక్కడి నుంచే రావచ్చు. పాత కారులో కొత్త కార్పెట్టు, తుప్పు పట్టిన సీటు బోల్టులు, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర కనిపించే బురద చార, ఇవి మునక గుర్తులు. కారు గుర్తింపు సంఖ్య అయిన పదిహేడు అక్షరాల విన్ నంబరుతో జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ నివేదిక తెప్పించుకోవాలి, అదే నంబరుతో ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో తీరని రీకాల్‌లు (తయారీదారు సరిచేయవలసిన లోపాలు) ఉన్నాయేమో ఉచితంగా చూసుకోవచ్చు.

టైటిల్ మీద ఉన్న పేరు, అమ్మే వ్యక్తి గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే అయి ఉండాలి. బ్యాంకు తాకట్టు నమోదై ఉంటే అది తీరినట్టు కాగితం చూపాలి. మిషిగన్‌లో కొన్న పదిహేను రోజుల్లోగా టైటిల్ మీ పేరుకు మార్చుకోకపోతే ఆలస్య రుసుము పడుతుంది కనుక, అసలు టైటిల్ తర్వాత పంపుతానన్నవారికి ఆ రోజు బయానా కూడా ఇవ్వకండి.