‘నరం పట్టేసింది’ అంటే ముంజేతిలో ఏది వెతకాలి?

ధర్మవరంలో మగ్గం నేసేవాళ్లయినా, అనంతపురం పల్లెల్లో శెనక్కాయలు వలిచేవాళ్లయినా చేయి చాపి అనేది ఒకటే మాట: ‘నరం పట్టేసింది’. మన వాడుకలో నరమంటే కండను ఎముకకు కట్టే తాడు (స్నాయువు), రక్తనాళం, అసలైన నరం, మూడూ. మాలిష్ చేసేటప్పుడు మూడింటినీ ఒకేలా నొక్కితే ఉన్న నొప్పికి ఇంకోటి తోడవుతుంది.

తేల్చుకోవడం కష్టమేం కాదు. వేళ్లు ఆడిస్తే మణికట్టు దగ్గర కదిలేవి స్నాయువులు. బొటనవేలి వైపు కొట్టుకునేది ధమని. నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ ఉబ్బేది సిర. తట్టినప్పుడు వేళ్లలోకి జివ్వుమని పాకితే అది నరం. ఇప్పుడు బొటనవేలి కొసను చిటికెనవేలికి ఆనించి, మణికట్టు కాస్త లోపలికి వంచమనండి. నడుమ లేచే తాడు పామారిస్ లాంగస్ అనే కండది. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు, దానివల్ల ఇబ్బందీ లేదు.

దాని కిందనే కార్పల్ టనెల్ అనే ఇరుకు సందు ఉంది. అడుగున, పక్కల మణికట్టు ఎముకలు, పైన మందపాటి పట్టీ. ఆ ఇరుకులోంచే 9 స్నాయువులు, ఒక మీడియన్ నరం పోతాయి. స్నాయువుల పొరలు వాస్తే నలిగేది నరమే. అందుకే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు సగం రాత్రిళ్లు తిమ్మిరెక్కుతాయి. అక్కడ బొటనవేలితో అదిమితే ఇరుకు ఇంకా పెరుగుతుంది. చిటికెనవేలు తిమ్మిరైతే దారి వేరు: మోచేతి లోపలి గుబ్బ వెనక గాడిలో పోయే అల్నార్ నరం. ఆ గాడిని ముట్టకండి.

వేళ్లను గట్టిగా ముడిచే కండలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. పని అక్కడే. అరచేయి పైకి పెట్టించి, మణికట్టు కింద మడిచిన తువ్వాలు ఉంచండి. నూనె అర చెంచా చాలు, ఎక్కువైతే వేలు జారి కండ దొరకదు. శెనగనూనె వాడేటట్టయితే పల్లీలు పడతాయా అని ముందే అడగండి. మణికట్టు నుంచి మోచేతి వైపు, అరచేతి మడమతో (మణికట్టు పక్కనుండే గట్టి భాగం) నిదానంగా 5, 6 సార్లు తోయండి.

తర్వాత చేయి బోర్లించండి. మోచేతి బయటి గుబ్బకు రెండు వేళ్ల కింద మీ వేలు పెట్టి, మణికట్టు పైకెత్తమనండి. బిగుసుకునే కండల్లో ఎక్స్‌టెన్సార్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ ఒకటి, టెన్నిస్ ఎల్బోలో (మోచేతి బయటి వైపు నొప్పి) ఎక్కువగా దెబ్బతినేది దాని స్నాయువే. చేయి వదులు చేయించి, ఆ కండ మీద 20, 30 సెకన్లు అదిమి పట్టండి. నొప్పి పదికి ఐదు దాటకూడదు. గుబ్బ ఎముక మీద రుద్దితే మర్నాటికి మంట ఎక్కువవుతుంది.

కడప బండలు కోసే మిషను పట్టేవాళ్లకు చలికి వేళ్లు తెల్లబడుతుంటే మాలిష్ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి పంపండి. బొటనవేలి అడుగు కండ పీక్కుపోయి పల్చబడినా అంతే. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను ఆపరేషన్‌తో కలిపిన చోటు) ఉన్న చేతిని మాత్రం అసలు ముట్టుకోకండి. ఫిస్టులా ఉన్నచోట చర్మం కింద సన్నగా జుమ్మని అదురుతుంటుంది, ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టరు.