మార్పు మనసును కలవరపెడుతున్నప్పుడు: రాత్రి పదిహేను నిమిషాలు

ఉద్యోగం మారినా, ఊరు మారినా మనసు కుదుటపడడానికి కొంత వ్యవధి పడుతుంది. అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో ఇల్లు తీసుకున్న తొలి నెలల్లో, అడ్వాన్సు కట్టగా మిగిలిన డబ్బును రోజూ లెక్కపెట్టుకుంటూ నిద్రపట్టక సతమతమైన నాకు ఉపకరించిన పద్ధతి ఒకటి చెబుతాను.

రాత్రి భోజనమయ్యాక ఫోను పక్కన పెట్టి, 15 నిమిషాలపాటు మనసులో మెదిలేదంతా కాగితం మీద రాయాలి. అక్షరదోషాలు చూసుకోనక్కరలేదు, ఎవరికీ చూపనక్కరలేదు. రాశాక చింపేసినా నష్టం లేదు. అయితే జరిగినది మాత్రమే రాస్తే చాలదు, దానివల్ల ఏమనిపించిందో కూడా రాయాలి. "ఆఫీసులో అందరూ కన్నడంలో నవ్వుకున్నారు" అని ఆపకుండా, "నన్ను చూసే నవ్వారనిపించింది" అని రాసుకున్నాకే, అది నా ఊహ అని నాకు తోచింది. మరునాడే కన్నడంలో నాలుగు ముక్కలు నేర్పమని పక్కసీటు మిత్రుణ్ణి అడిగాను.

1986లో అమెరికా పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. బాధాకరమైన అనుభవాన్నీ దాని వెంటి భావాలనూ కలిపి రాసినవారు, రాసిన వెంటనే మరింత దిగులుపడినా, తర్వాతి నెలల్లో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. కాబట్టి మొదటి రాత్రి మనసు బరువెక్కితే కంగారుపడవద్దు. (నేనైతే రెండో రోజు మానేద్దామనుకున్నాను.) వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే మాత్రం కాగితాన్ని నమ్ముకోక వైద్యుణ్ణి కలవాలి, బెంగళూరులోనే మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఉంది.