వర్డ్‌లో అంకెల జాబితా చెదిరిపోతే శాశ్వతంగా సరిచేయడం ఎలా?

వర్డ్ పత్రంలో 3 తరువాత 4 రావలసిన చోట మళ్లీ 1 కనిపిస్తే, చాలామంది ఆ అంకెపై రైట్ క్లిక్ చేసి 'కంటిన్యూ నంబరింగ్' నొక్కి ఊరుకుంటారు. రెండు పేజీల పత్రానికి అది సరిపోతుంది. అధ్యాయాలు, ఉపశీర్షికలు ఉన్న పత్రంలో మాత్రం వేరే ఫైలు నుంచి నాలుగు పేరాలు తెచ్చి అతికించగానే అంకెలు మళ్లీ చెదురుతాయి. అంకెను విడివిడిగా పేరాలకు ఇవ్వకూడదు, స్టైల్‌కు, అంటే పేరాకు ఒక పేరుతో ఇచ్చే రూపానికి, ముడిపెట్టాలి.

ముందుగా ఫైలుకు నకలు తీసుకుని, చేత్తో టైపు చేసిన అంకెలన్నీ తొలగించండి. శీర్షికలకు వాటి స్థాయిని బట్టి కంట్రోల్, ఆల్ట్‌లతో పాటు 1, 2 లేదా 3 నొక్కి హెడింగ్ స్టైళ్లు ఇవ్వండి. పాత ఇండెంట్లు (పేరా ముందు వదిలిన ఖాళీలు) మిగిలితే కంట్రోల్, క్యూ నొక్కితే పోతాయి.

అసలు జాగ్రత్త అవసరమైనది ఇక్కడి నుంచే. కర్సర్‌ను మొదటి హెడింగ్ 1 పేరాలో ఉంచి, మల్టీలెవెల్ లిస్ట్ బటన్ కింద 'డిఫైన్ న్యూ మల్టీలెవెల్ లిస్ట్' తెరవండి. అందులో 'మోర్' నొక్కే దాకా 'లింక్ లెవెల్ టు స్టైల్' కనిపించదు. ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఎడమవైపు 1ని ఎంచుకుని హెడింగ్ 1ని, 2ని ఎంచుకుని హెడింగ్ 2ని, అలా మీకు కావలసిన లెవెళ్లన్నింటినీ జతచేసిన తరువాతే ఓకే నొక్కండి. ఒక్కో లెవెల్‌కు ఒక్కోసారి ఓకే నొక్కి బయటికి రావడం మంచి పద్ధతి కాదు.

అంకె రూపం కనిపించే పెట్టెలో బూడిద రంగు నీడతో ఉన్న అంకెలు వర్డ్ తానుగా లెక్కించేవి. వాటిని చెరిపి మీరే 1.1 అని టైపు చేస్తే, ఆ లెవెల్‌లోని ప్రతి శీర్షికకూ 1.1 అనే వస్తుంది. పొరపాటున చెరిగిపోతే 'ఇన్‌క్లూడ్ లెవెల్ నంబర్ ఫ్రమ్'లో లెవెల్ 1 ఎంచుకుని, చుక్క పెట్టి, ఆ తరువాత ఆ లెవెల్‌కు నంబర్ స్టైల్ ఎంచుకోండి. రెండో లెవెల్‌కు 'రీస్టార్ట్ లిస్ట్ ఆఫ్టర్' వద్ద లెవెల్ 1 ఉందో లేదో తప్పక చూడండి. లేకపోతే రెండో అధ్యాయంలో 2.1కి బదులు 2.4 రావచ్చు.

ఇండెంట్లను కూడా ఈ డైలాగ్‌లోనే నిర్ణయించాలి, రూలర్‌ను ముట్టుకోకూడదు. అన్ని లెవెళ్లకూ అంకె ఎడమ అంచునే ఉండాలి; మెట్లుమెట్లుగా లోపలికి జరిగే శీర్షికలు చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. తరువాత ఏ మార్పు కావాలన్నా కర్సర్‌ను హెడింగ్ 1లోనే ఉంచి ఇదే డైలాగ్ తెరవండి. గ్యాలరీలోంచి ప్రతిసారీ కొత్త జాబితా ఎంచుకుంటూ పోతే పత్రంలో జాబితాలు పేరుకుపోయి, ఏ శీర్షిక దేనికి చెందుతుందో తేలదు.

అంకెలు చేత్తో టైపు చేయడమే సులువని వాదించేవారు, మధ్యలో ఒక అధ్యాయం చేరినప్పుడు "4.2 చూడండి" వంటి సూచనలన్నీ ఒక్కొక్కటిగా వెతికి దిద్దుకోవాలి. అంకెలు స్టైల్‌కు ముడిపడి ఉండి, ఆ సూచనలను క్రాస్ రిఫరెన్స్‌గా (శీర్షిక అంకెను వర్డే తెచ్చి చూపే లింకుగా) పెట్టుకుంటే, పత్రమంతా సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే చాలు.

ఇంతా చేశాక అంకె ఒక్కటే బోల్డ్‌గానో వేరే రంగులోనో కనిపిస్తే, కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కి పేరా గుర్తులను బయటపెట్టండి. అంకె తన రూపాన్ని పేరా చివరి గుర్తు నుంచి తీసుకుంటుంది కాబట్టి, ఆ గుర్తును మాత్రమే సెలెక్ట్ చేసి కంట్రోల్, స్పేస్ నొక్కండి.